అయిదు ఖాళీ వరుసలు

గడువు శనివారం మధ్యాహ్నం పన్నెండు. ఉదయం తొమ్మిదిన్నరకి ట్యాబ్ తెర మీద నా కథ బూడిదరంగు పెట్టెలో పడి, కుడివైపు అంచు దాటుకుని బయటికి పారిపోతోంది.

పారిపోవడమంటే నిజంగా పారిపోవడమే. మొదటి వాక్యం కొస పట్టుకుని వేలితో ఎడమకి లాగాను. ఇంకో మూడు మాటలు వచ్చాయి. మళ్లీ లాగాను, ఇంకో మూడు. పేరా అంతా ఒకే వరుసలో, తాడులాగా, ఎక్కడా మడత పడకుండా సాగుతోంది.

వదిన నా భుజం మీదినుంచి తొంగి చూసింది. వదినంటే మా ఆయనకి అక్క. పాతికేళ్లుగా మా ఇంట్లోనే ఉంటోంది. మూడో తరగతి చదువుకుంది, ఆ సంగతి రోజుకొకసారైనా మాకు గుర్తు చేస్తుంది.

"ఏమే మరదలా, నీ కథ రైలెక్కి ఎటో పోతోందే?"

"మీరు పక్కకి జరగండి వదినా, వెలుగు రావడం లేదు."

"వెలుగొచ్చి మాత్రం చేసేదేముంది? నువ్వు ఇలా లాగుతూ పోతే పక్కింటివాళ్ల గోడ మీద తేలుతుంది. వాళ్లు చదువుకుంటార్లే."

నేను నవ్వకూడదనుకున్నాను. నవ్వొచ్చేసింది. కుట్టుమిషను బల్ల మీద, పిండి డబ్బాకి ఆనించి నిలబెట్టిన ట్యాబ్ కూడా నాతోపాటు కదిలి ముందుకి జారింది. ఇద్దరం ఒకేసారి పట్టుకోబోయి తలలు కొట్టుకున్నాం. శనివారం అలా మొదలైంది.

ముందు ఈ ట్యాబ్ సంగతి చెప్పాలి. మా ఆయన పోయిన రెండేళ్లకి, యాభై తొమ్మిదో ఏట, నేను అక్షరాలు నేర్చుకున్నాను. గ్రంథాలయం మేడ మీద సాయంత్రం క్లాసు. పాఠం చెప్పే ఆవిణ్ణి అందరం పంతులమ్మ అంటాం. నన్ను అక్కడ కాజాలమ్మ అంటారు, నలభై ఏళ్లుగా చొక్కాలకి కాజాలు కుట్టి బతికినదాన్ని కాబట్టి. ఏడాదికొకసారి మా క్లాసువాళ్లు రాసినవి ఒక చిన్న పుస్తకం వేస్తారు. ఈసారి అందరికీ తలా ఒక ట్యాబ్ అరువిచ్చి, ఎవరి పేజీ వాళ్లే రాసి పంపమన్నారు.

దాంట్లో రాసేవి ఉత్త అక్షరాలు. సోకులేవీ ఉండవు. శీర్షిక కావాలంటే వరుస మొదట్లో # గుర్తు పెట్టాలి. మాట లావుగా పడాలంటే దానికి అటు రెండు, ఇటు రెండు నక్షత్రాలు పెట్టాలి. పైన మూల కన్ను బొమ్మ ఉంటుంది. అది నొక్కితే గుర్తులన్నీ మాయమై, అచ్చులో పేజీ ఎలా ఉంటుందో కనిపిస్తుంది. పంతులమ్మ ఇది చెప్పిన రోజు క్లాసంతా నోరు తెరుచుకుని కూర్చుంది. నాకు మాత్రం ఇందులో కొత్తేమీ కనిపించలేదు.

"సుద్దగీతే కదమ్మా," అన్నాను. "గుడ్డ మీద సుద్దతో గీసేది కుట్టేవాళ్ల కోసం. తొడుక్కునేవాళ్లకి అది కనిపించకూడదు."

పంతులమ్మ బల్ల మీద చరిచి, "కాజాలమ్మగారు చెప్పింది రాసుకోండి!" అంది. ఆ రోజు మెట్లు దిగుతుంటే నా కాళ్లు నేల మీద లేవు. ఆ గర్వమే ఈ శనివారం నా కొంప ముంచింది. సుద్దగీతలు తెలిసిపోయాయి కదా అని, పంతులమ్మ ఇచ్చిన సూచనల కాగితం పైపైన చదివి పక్కన పడేశాను.

కథ పంపడానికి ఇంత తంటా ఎందుకు, కోడలికిస్తే నిమిషంలో చేసేస్తుంది కదా అంటారా? అసలు గొడవంతా అక్కడే ఉంది.

పోయినేడు చేత్తో రాసిచ్చాను, కోడలు టైపు చేసింది. మంచి పిల్ల, నాకు మేలు చేద్దామనే చేసింది. నేను 'మా ఆయన' అని రాస్తే ఆయన 'నా జీవిత భాగస్వామి' అయ్యారు. నేను 'టీ చల్లారిపోయింది' అని ముగిస్తే, దాని కింద 'అక్షరమే జీవితానికి వెలుగు' అని ఒక వాక్యం మొలిచింది. పుస్తకం వచ్చిన రోజున అందరూ ఆ ఒక్క వాక్యాన్నే మెచ్చుకున్నారు. మైకులో అదే చదివారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి నవ్వాను, ఎవరిదో చొక్కా తొడుక్కుని ఫొటో దిగినట్టు.

అందుకని ఈ ఏడు నా పేజీ మీద నా వేలు తప్ప ఇంకో వేలు పడకూడదని తీర్మానించుకున్నాను. ఊరుకోకుండా ఆ మాట క్లాసులో అందరి ముందూ అనేశాను. పన్నెండు దాటితే కథలు తీసుకోవడం ఆగిపోతుంది. ఆలోగా నా వల్ల కాదనిపిస్తే కోడలి చేతికైనా ఇవ్వాలి, లేదా పుస్తకంలో నా పేజీ ఉండదు.

పదయింది. నేను చేసిన తప్పేమిటో వెతకడం మొదలుపెట్టాను.

తెర మీది కన్ను మూసి మళ్లీ ఉత్త అక్షరాల్లోకి వచ్చాను. శీర్షిక బాగానే ఉంది. దాని కింద ప్రతి పేరా మొదట్లోనూ నాలుగు ఖాళీలు. అవి నేనే పెట్టాను. క్లాసులో నోటుపుస్తకం మీద రాయడం నేర్పినప్పుడు, పేరా మొదట రెండు వేళ్ల వెడల్పు వదలమని పంతులమ్మ నేర్పింది. ఆ రెండు వేళ్లు ఇక్కడ పెట్టి చూస్తే నాలుగు ఖాళీలకి సరిపోయింది.

"అది చూడు," అంది వదిన. "బుద్ధిమంతురాలివని నువ్వు జాగా వదిలితే, ఆ పలకకి కోపమొచ్చినట్టుంది."

వదినకి ట్యాబ్ అనడం రాక కాదు. పలక అనడమే ఆవిడకి ఇష్టం.

నాలుగు ఖాళీల్లో ఒకదాన్ని తీసి కన్ను నొక్కాను. ఆ పేరా బూడిద పెట్టెలోంచి దూకి బయటపడింది! నేను కేక పెట్టాను. వదిన కూడా కేక పెట్టింది, ఎందుకో తెలియకుండానే. మొత్తం పందొమ్మిది పేరాలు. పందొమ్మిదింటి ముందూ ఖాళీలు తుడిచేశాను. ఇంక అయిపోయిందనుకుని కన్ను నొక్కాను.

పెట్టె పోయింది. పేరాలూ పోయాయి. పందొమ్మిదీ కలిసి ఒకే ముద్ద అయిపోయాయి.

"ఇప్పుడు చదవడానికి వీలుగా ఉంది," అని వదిన కళ్లద్దాలు సర్దుకుని, మూడో తరగతి గొంతుతో పైకి చదవసాగింది. "'మంగళవారం ఉదయం ఏడింటికి ఆయన గుండె ఆగిపోయింది కింది అరలో కాగితం మార్చి చాలా రోజులైంది.'" ఆగింది. నావైపు చూసింది. "ఏమే, నా తమ్ముడు పోవడానికీ అరలో కాగితానికీ మధ్య ఊపిరి పీల్చుకునే తీరిక కూడా ఇవ్వలేదేం?"

"ఇచ్చాను వదినా! ఆ రెండూ వేరే వేరే పేరాలు. కింది వరుసలోకి దించే మీట నొక్కాను. ఒట్టు, నొక్కాను!"

"ఇక్కడ మాత్రం వాడు పోగానే నువ్వు చీపురు పట్టుకుని అర దులిపినట్టుంది."

నాకు ఏడుపు రావాల్సిన చోటది. ఆ పేరా రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కానీ వదిన మొహం చూస్తే, ఆవిడ పెదవులు అదురుతున్నాయి. ముందు ఆవిడ, తర్వాత నేను. మిషను మీద తల ఆనించి నవ్వాను. ఆయన ఉంటే అందరికంటే ముందు నవ్వేవారు.

నవ్వు ఆగాక భయం మొదలైంది. ఆ రెండు పేరాల మధ్య నాకు ఎడం కావాలి. మిగిలినవి ఎలా ఉన్నా సరే, అక్కడ మాత్రం చదివేవాళ్లు ఒక క్షణం ఆగాలి.

ఆగాలంటే అడ్డంగా గీత ఉండాలి కదా? ఆయన పోయిన పేరా కింద, అడ్డగీతలు వరసగా పది కొట్టాను. గీత గీసినట్టు చక్కగా వచ్చింది. కన్ను నొక్కాను.

అమ్మో!

గీత పత్తా లేదు. ఆ గీతకి పైనున్నదంతా, కథ మొదలు నుంచి ఆయన గుండె ఆగిందాకా, దుకాణం బోర్డు అంత లావు అక్షరాలైపోయింది. తెర నిండా ఐదారు మాటలకి మించి పట్టడం లేదు.

వదిన కళ్లద్దాలు తీసేసింది. గదిలో అవతలి గోడ దాకా నడిచి వెళ్లి, వీపు ఆనించి నిలబడి, అక్కణ్ణుంచి చదివింది. "'ఆయన... అచ్చు... పనికి... వెళ్లేవారు.' అబ్బ! ఇన్నాళ్లకి నా కళ్లకి సరిపోయే పుస్తకం రాశావే!"

"వదినా, టైము పదకొండయింది!"

"ఇలాగే పంపించు. అందరిదీ ఒక పేజీ, నీది ఎనభై పేజీలు. పుస్తకం నీదే!"

అప్పుడే ఫోను మోగింది. కోడలు. ఆసుపత్రిలో నర్సుగా చేస్తుంది, శనివారాలు పగలు డ్యూటీ. పంతులమ్మ ఆమెకి మెసేజి పెట్టిందట, కాజాలమ్మ పేజీ ఒక్కటే రాలేదని.

"అత్తయ్యా, ఏమైంది? ఎందుకలా ఆయాసపడుతున్నారు?"

"ఆయాసం కాదమ్మా, నవ్వు."

"బావుంది! సరే, పాస్‌వర్డ్ చెప్పండి. నేను ఇక్కణ్ణుంచే సరిచేసి పంపించేస్తాను. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాలు. నా చెవిలో ఆ మాట తియ్యగా పడింది. గడియారం చూశాను, పదకొండూ పది. తెర మీద ఆయన మరణం బోర్డులా వేలాడుతోంది.

"అమ్మా, నువ్వు సరిచేస్తే మా ఆయన మళ్లీ జీవిత భాగస్వామి అయిపోతారు."

కోడలు చిన్నగా నవ్వింది. "అది బాలేదా అత్తయ్యా? నాకు చెప్పలేదే?"

"ఇప్పుడు చెప్పానుగా. కోపగించుకోకు."

"కోపమెందుకు? అయితే నేను ముట్టుకోను. పదకొండూ యాభై దాకా ఫోను దగ్గరే పెట్టుకుంటాను. కావాలంటేనే చెయ్యండి." పెట్టేయబోయి మళ్లీ అంది, "ఆ వెలుగు వాక్యం కూడానా?"

"అది మరీను."

ఫోను పెట్టేసి, చేతులకి ఏదో పని ఉంటే బుర్ర కదులుతుందని, మిషను బల్ల మీద రాత్రి కత్తిరించి వదిలేసిన చొక్కా గుడ్డ మడతపెట్టబోయాను. గుడ్డ కదలకుండా దాని అంచుల మీద నేనెప్పుడూ సీసం బద్దలు పెడతాను. ఒక్కో బద్ద వేలి పొడుగుంటుంది. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది.

మా ఆయన అచ్చాఫీసులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసలు పేర్చే పని. అచ్చాఫీసు మూసేసిన రోజున ఈ బద్దలు జేబు నిండా తెచ్చుకున్నారు. అంతకు చాలా ఏళ్ల ముందే, చొక్కా ఉతుకుతుంటే జేబులో ఇలాంటిది ఒకటి దొరికింది. అక్షరాలు రాని నేను కూడా దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీని మీద ఏమీ లేదేం? అరిగిపోయిందా?" అని అడిగాను.

"అరిగిపోలేదు. అది ఖాళీ వరుస," అన్నారు.

"ఖాళీకి సీసం దండగ కాదూ?"

"ఖాళీ ఊరికే వస్తుందనుకున్నావా? అక్షరం పెట్టినట్టే దాన్నీ చేత్తో పెట్టాలి. పెట్టకపోతే పై పేరా వచ్చి కింది పేరా నెత్తిన కూర్చుంటుంది. అచ్చులో ఇది కనిపించదు. కానీ ఉంటుంది."

బద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేను మీట నొక్కింది ఒక్కసారి. ఆ నొక్కుతో కింది వరుసలోకి దిగానే తప్ప, మధ్యలో ఏమీ పెట్టలేదు. ఏమీ లేని వరుస ఒకటి పెట్టాలి కదా!

"వదినా!"

"ఏమైందే? పలక పగిలిందా?"

అడ్డగీతలు తుడిచేశాను. ఆయన గుండె ఆగిన వాక్యం చివర వేలు పెట్టి, మీట రెండోసారి నొక్కాను. అక్షరాల మధ్య ఒక తెల్లటి వరుస తెరుచుకుంది. కన్ను నొక్కాను.

పై ముద్ద పైన ఆగింది. కింది ముద్ద కింద ఆగింది. మధ్యలో తెల్లగా, నిశ్శబ్దంగా, ఆయన చెప్పిన ఖాళీ.

నేను లేచి గిర్రున తిరిగాను. అరవై రెండేళ్ల వయసులో గిర్రున తిరిగితే గది కూడా తిరుగుతుంది. వదిన నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, "ముందు పని కానీయ్, గంతులు తర్వాత. పదకొండున్నర!" అంది.

నేను నొక్కుతుంటే ఆవిడ లెక్కపెట్టింది. "మూడు... నాలుగు... ఆగు, ఒకటి వదిలేశావు, వెనక్కి రా... ఆరు..." పద్దెనిమిది సందులు. ఆయన పోయిన చోట మాత్రం ఒక బద్ద చాలదనిపించింది. వేలు తీయకుండా ఇంకో నాలుగు పెట్టాను. మొత్తం అయిదు. కన్నులో చూస్తే మాత్రం అక్కడా మిగతా చోట్ల ఉన్నంత జాగానే ఉంది. ఈ యంత్రానికి ఎన్ని ఖాళీలిచ్చినా ఒకటే. సరే, కనిపించకపోతే పోనీ, ఉంది కదా.

పదకొండూ నలభై రెండు. పేజీ పేజీలా ఉంది. పంపబోతున్నాను.

"ఆగు," అంది వదిన. ఇప్పుడు పేరాలు విడివడ్డాయి కాబట్టి మొదటిసారి కథ కథలా చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ ఆవిడ వేలు ఒకచోట ఆగింది.

అక్కడ నేను రాసింది ఇది. ఆయన అచ్చాఫీసు నుంచి పాడైన కాగితాలు తెచ్చేవారు. నేను వాటిని వంటింటి అరల్లో పరిచి డబ్బాలు సర్దుకునేదాన్ని. అక్షరాలు నేర్చుకున్న కొత్తలో, కింది అరలో డబ్బా తీస్తూ ఆ కాగితం చదవబోయాను. ఒక్క అక్షరమూ తెలియలేదు. నేర్చుకున్నదంతా పోయిందని బెంబేలెత్తాను. చివరికి తల వంచి, జుట్టు నేలకి తగిలేలా చూస్తే, 'నీటి సరఫరా రెండు రోజులు నిలిపివేయబడును' అని ఉంది. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో ప్రతి అరలోనూ నేను కాగితం తలకిందులుగానే పరిచానన్నమాట. ఆయన ఒక్కసారి కూడా అనలేదు. 'గమనించి ఉండరు' అని రాశాను. అదీ వదిన వేలు ఆగిన చోటు.

"ఇది తప్పు," అంది.

"ఏ అక్షరం?"

"అక్షరం కాదు. వాడు గమనించాడు."

నేను ట్యాబ్ బల్ల మీద పెట్టేశాను.

"నేనీ ఇంటికి వచ్చిన వారానికే చూశాను, అన్నీ తలకిందులుగా ఉన్నాయని," అంది వదిన. "నీకు చెప్పబోతే వాడు నన్ను పెరట్లోకి లాక్కెళ్లాడు. 'అక్కా, దానికి చెప్పకు. కొత్తలో నేనే తిప్పి పెడదామనుకున్నాను. తర్వాత చూస్తే నాకలా ఉంటేనే సుఖంగా ఉంది. పనిలో సీసం అక్షరాలన్నీ తలకిందులుగానే చదువుతాను, ఇంటికొచ్చాక బుర్ర తిప్పుకోనక్కర్లేదు' అన్నాడు."

"నిజంగానా?"

"నిజమో, నీ పరువు కోసం కట్టుకథ అల్లాడో నాకేం తెలుసు? మంచినీళ్లు తాగడానికి వచ్చినప్పుడల్లా ఆ అరల ముందు నిలబడి చదివేవాడు. ఓసారి నవ్వుతుంటే ఏంట్రా అంటే, 'మా ఆవిడ పరిచిన పేపరు' అన్నాడు."

"పాతికేళ్లు నాకు చెప్పకుండా ఎలా ఉన్నారు వదినా మీరు? మీకు కడుపులో మాట దాగదే!"

"అందుకే కదే రోజూ మూడో తరగతి, మూడో తరగతి అని అరుస్తుంటాను. అదైనా అరవకపోతే ఇది బయటికొచ్చేసేది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి, ముక్కులోంచి వింత చప్పుడొచ్చింది. అది విని వదిన మళ్లీ మొదలుపెట్టింది. పదకొండూ నలభై ఎనిమిది. ఫోను మోగింది. కోడలు. "అత్తయ్యా, చెయ్యమంటారా?"

"వద్దమ్మా! కొత్త పేరా వచ్చింది!" అని పెట్టేశాను.

'గమనించి ఉండరు' తుడిచేశాను. మీట రెండుసార్లు నొక్కాను. నా జీవితంలో ఇంత వేగంగా ఎప్పుడూ రాయలేదు. వదిన చెప్పింది చెప్పినట్టు, పెరడు, మంచినీళ్లు, పేపరు, అన్నీ పెట్టాను. వదిన పక్కనుంచి, "మూడో తరగతి సంగతి కూడా వెయ్యి," అంది. వేశాను. పేరా చివర మళ్లీ రెండుసార్లు నొక్కాను. కన్ను తెరిచి చూసే తీరిక లేదు. చేత్తో పెట్టిన చోట ఖాళీ ఉంటుందని ఇప్పుడు నాకు తెలుసు.

పదకొండూ యాభై ఏడుకి పంపాను. 'చేరింది' అని పచ్చగా వచ్చింది.

వదినా నేనూ ఒకరి చేతులు ఒకరం పట్టుకుని మిషను చుట్టూ తిరిగాం. పిండి డబ్బా కింద పడింది. మూత ఊడింది. ఎవరం ఆగలేదు.

కాసేపటికి పంతులమ్మ ఫోను చేసింది. "పేజీ అందిందమ్మా. బ్రహ్మాండంగా ఉంది. అయితే ఇంత ఆలస్యమైందేం, పేరాల దగ్గర చిక్కుకున్నారా? సూచనల కాగితం వెనకవైపు మొదటి మాటే అది కదా, పేరాకీ పేరాకీ మధ్య ఒక వరుస ఖాళీగా వదలమని."

వెనకవైపా? చుట్టూ చూశాను. వదిన టీ గ్లాసు కింద ఉంది ఆ కాగితం. తీసి తిప్పాను. ఇవతలికి ఊరిన గ్లాసు మరక మధ్యలో, గుండ్రంగా చుట్టినట్టు, ఆ వాక్యమే ఉంది. వదిన పైకప్పు వైపు చూస్తోంది.

"ఇంకొకటి," అంది పంతులమ్మ. "మీ ఆయన పోయిన చోట అయిదు ఖాళీ వరుసలున్నాయి. పొరపాటున పడ్డట్టున్నాయి. అచ్చులో ఎలాగూ ఒకటే వస్తుంది. మిగతా నాలుగు తీసేయనా?"

"వద్దమ్మా," అన్నాను. "తీయకండి. అవి చేత్తో పెట్టినవి."